పారబోసి కొనుక్కుందాం, రండి!

చినగంజాం ఉప్పు కొఠార్లలో మనవాళ్ళ దానగుణం చూడాలంటే ఎండాకాలం మధ్యాహ్నం వెళ్ళాలి. మడిలో నీరు చిక్కబడి 25 డిగ్రీలు దాటితే ఉప్పు గళ్ళు కట్టడం మొదలవుతుంది. ఎండ డిగ్రీలు కావు, నీటి చిక్కదనం చూసే బామే డిగ్రీలు. 29 దాకా వచ్చేసరికి ఉప్పు చాలామటుకు గట్టెక్కుతుంది. మడిలో జిడ్డుగా వేలికంటుకునే నీళ్ళు మిగులుతాయి. నాలుక మీద చుక్క వేసుకుంటే మొహం వంకర్లు పోవాల్సిందే, అంత చేదు. గట్టుకి గండికొట్టి వాటిని కాలవలోకి వదిలేస్తారు. పీడ విరగడైంది!

ఆ పీడలో ఏముందో చిన్న లెక్క. లీటరు సముద్రపు నీటిలో మెగ్నీషియం సుమారు 1.3 గ్రాములు, పొటాషియం 0.4 గ్రాములు. టన్ను ఉప్పు పండాలంటే అలాంటి నీరు 37 ఘనపు మీటర్లయినా ఎండాలి. అంటే ప్రతి టన్ను ఉప్పు వెనకా 48 కిలోల మెగ్నీషియం, 14 కిలోలకు పైగా పొటాషియం, ఆపైన రెండు కిలోల పైచిలుకు బ్రోమిన్ నడిచొస్తాయి. అంతా చేతికి దక్కదు, నిజమే. సగం దక్కినా చాలును కదా అంటారేమో. మనకెందుకండీ, కలిగినవాళ్ళం!

ఇక రేపల్లె, నిజాంపట్నం వైపు పదండి. రాత్రి పూట చెరువు గట్టు మీద టార్చిలైటు, పక్కన మినరల్స్ సంచుల వరస. వనామీ రొయ్య పెంకు మెత్తబడింది, కండ తెల్లబడింది, వల్లోంచి తీయగానే కొంకర్లు పోతోంది. నీటిలో మెగ్నీషియం, పొటాషియం చాల్లేదన్నమాట. రైతు మూతి ముడిచి, అప్పు పుస్తకంలో ఇంకో గీత గీయించుకుని, మెగ్నీషియం క్లోరైడు సంచి విప్పి నీళ్ళలో కలిపి చల్లుతాడు. ఆ సరుకు ఎక్కువగా గుజరాత్‌ది. అక్కడి ఉప్పు కొఠార్లలో మిగిలిన చేదునీళ్ళను మరగబెట్టి, పలుకులు కట్టించి, సంచికెత్తి పంపిస్తారు. లారీ దేశం ఆ చివర్నించి ఈ చివరికొస్తుంది. చినగంజాం నుంచి రేపల్లెకు పూట ప్రయాణం, కానీ దగ్గర సరుకుకి విలువుంటుందా?

తెనాలి రైతు ఇంతకన్నా గొప్పవాడు. కొల్లిపర అరటికీ, దుగ్గిరాల పసుపుకీ, డెల్టా వరికీ వేసే ఎర్ర పొటాష్ మనదేశంలో గింజ కూడా పుట్టదు. మొత్తం ఓడల్లోనే రావాలి. కెనడా, రష్యా సరే, అక్కడ గనులున్నాయి. ఇజ్రాయెల్, జోర్డాన్‌ల సంగతేమిటి? మృత సముద్రపు నీటిని మడికట్టి ఎండబెట్టి, ఉప్పు వదిలేశాక మిగిలిన చేదునీళ్ళ నుంచే వాళ్ళు పొటాష్ తీస్తారు. 1930లో మన పెద్దలు లాఠీలు తిని ఉప్పు పట్టిన రోజుల్లోనే అక్కడ పొటాష్ కంపెనీ మొదలైంది. చచ్చిన సముద్రం దగ్గర పొటాష్ కొనుక్కుంటున్నాం, బతికున్న సముద్రం పక్కన మడికి గండి కొడుతున్నాం.

విద్య లేక అనకండి. భావనగర్‌లో కేంద్ర ఉప్పు పరిశోధన సంస్థను 1954లో నెహ్రూగారు ప్రారంభించారు. చేదునీళ్ళ నుంచి పొటాష్ తీసే పద్ధతులు ఆ సంస్థ ఎప్పుడో తేల్చేసింది. కచ్ ఎడారి అంచున బ్రోమిన్, పొటాషియం సల్ఫేట్ వ్యాపారం నడుస్తోంది. మన బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉంది, ఉప్పు నేలల మీద, ఉప్పు నీటి వాడకం మీద పరిశోధన చేసే కేంద్రమూ ఉంది. 2022 ఏప్రిల్లో బాపట్ల జిల్లా ఏర్పడి, పారబోసే చినగంజాన్నీ కొనుక్కునే రేపల్లెనూ ఒకే కలెక్టరు కిందికి తెచ్చింది. అప్పటిదాకా జిల్లా సరిహద్దు అడ్డమని చెప్పుకునే వీలుండేది, పాపం ఆ సాకూ పోయింది.

మిగిలిన సాకు ఒక్కటే: మనవి చిన్న చిన్న మళ్ళండీ, గిట్టదు. పాడి కూడా చిన్నదే కదా! వడ్లమూడి సంగం డెయిరీకి పాలు ఒక్క గేదె నుంచి వచ్చాయా? గుమ్మం గుమ్మం తిరిగి లీటరూ అరలీటరూ పోగేస్తేనే కదా ట్యాంకరు నిండింది. చేదునీళ్ళు విరగను కూడా విరగవు!

ఇదంతా వదిలేసి పెద్దలు మహా ప్లాంట్ల కలలు కంటారు. 2019 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి ఇజ్రాయెల్లోని హడేరా వెళ్ళి, సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంటు చూసొచ్చారు. చూడదగ్గదే. మద్రాసు పక్కన మీంజూరులో 2010లో మొదలైన ప్లాంటు సామర్థ్యం రోజుకు పది కోట్ల లీటర్లు. అంతకన్నా ఎక్కువ చిక్కటి ఉప్పునీరు తిరిగి సముద్రంలోకే పోతుంది. అలాంటిది బాపట్ల తీరాన సూర్యలంకలో కట్టినా మనం నేర్చుకునేది మంచినీళ్ళొచ్చే మొదటి గొట్టం సంగతే. ఉప్పునీళ్ళ రెండో గొట్టం ఎటు పోతుందని అడిగేవాడు అభివృద్ధి నిరోధకుడు. నమూనా కావాలంటే తెనాలి వీధుల్లో ఏ వాటర్ ప్లాంటు వెనక్కన్నా వెళ్ళండి. ముందు నీలం క్యాన్లు, వెనక మురుక్కాలవలోకి ఆగకుండా కారే తెల్ల గొట్టం, గట్టు మీద సున్నపు పొక్కు.

రేపు ఏదో సదస్సులో లిథియం మాట కూడా వస్తుంది, సిద్ధంగా ఉండండి. లీటరు సముద్రపు నీటిలో అది 0.2 మిల్లీగ్రాములు కూడా లేదు. మొదటి ప్రపంచ యుద్ధ నష్టపరిహారం చెల్లించడానికి సముద్రంలోంచి బంగారం తీస్తానని జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ అంతటివాడు ఓడెక్కి, ఉత్త చేతులతో దిగాడు. మనకు బంగారం వద్దు, బాబూ. వేలిని అంటుకునే ఆ జిడ్డు చాలు.

అడిగేది కూడా కొండంత కాదు. చినగంజాంలో చేదునీళ్ళకు ఉమ్మడి తొట్టి ఒకటి, ఎకరం చెరువుకు ఎంత పోయాలో తేల్చే పరీక్ష ఒకటి. ప్రభుత్వంవారికి శిలాఫలకం ముచ్చట ఉంటే అదీ పెట్టుకోవచ్చు, పేర్లన్నీ పెద్దక్షరాల్లోనే చెక్కించుకోవచ్చు. ఫలకం పాతే చోటు మాత్రం మేం చూపిస్తాం: ఏటేటా గండి కొట్టే చోట, అడ్డంగా.