చుక్క బంగారం, చెంచాడు బుద్ధి

మొన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఓ రంగుల కరపత్రం దిగింది. పుష్యమి నాడు కింద కమ్యూనిటీ హాల్లో పిల్లలకు స్వర్ణప్రాశన, అంటే తెలివి పెరగాలని నోట్లో వేసే బంగారపు చుక్క, తలకు రెండొందల యాభై. లావుపాటి అక్షరాల్లో, "నానో బంగారం నేరుగా మెదడుకు చేరుతుంది." ఆ కిందే కాస్త సన్నగా, "ఎలాంటి సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు." ఈ రెండు వాక్యాలూ రాసింది ఒకడేనా, మధ్యలో టీకి వెళ్లినప్పుడు చెయ్యి మారిందా అని నా అనుమానం.

మెదడు ఎవరు పడితే వాళ్లు దిగే సత్రం కాదు. కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి. అక్కడి సన్నటి రక్తనాళాల గోడలు కుట్టు వేసినంత బిగువుగా ఉంటాయి. ఆక్సిజన్, గ్లూకోజ్ లాంటి అయినవాళ్లకే దారి. మంచి మంచి మందులే గుమ్మం దాకా వెళ్లి తిరిగొస్తాయి. అలాంటి చోట లోహపు నలుసు దూరిందంటే విషశాస్త్రం చదివినవాళ్లు గుండెలు పట్టుకుంటారు. మనవాళ్లేమో డప్పు కొడుతున్నారు. గోడ దూకిన దొంగ కోసం పోలీసులు వెతుకుతుంటే, "మావాడు హైజంప్‌లో ఫస్టు" అని చెప్పుకున్నట్టుంది.

దొడ్డిదారి ఉన్నమాట నిజమే. అది ముక్కు. వాసన నరాల ఒక కొస ముక్కులో గాలికి తెరుచుకుని ఉంటే, రెండో కొస మెదడులో ఉంటుంది. 1970లో డి లొరెంజో అనే శాస్త్రవేత్త కోతుల ముక్కుల్లో 50 నానోమీటర్ల బంగారు రేణువులు, వెండి పూత పూసినవి, వేసి చూశాడు. అవి ఆ నరాల వెంటే నడిచి మెదడు అంచుకు చేరాయి. 2006లో ఎలుకల చేత మాంగనీస్ ఆక్సైడ్ పీల్పిస్తే, 12 రోజుల్లో మెదడులోని వాసన భాగంలో మాంగనీస్ మూడున్నర రెట్లయింది. ఆ కోతికి గానీ ఈ ఎలుకకు గానీ ఐఐటీలో సీటొచ్చిన దాఖలా లేదు.

మనుషుల సంగతీ చూశారు. 2016లో మెక్సికో సిటీ, మాంచెస్టర్‌లకు చెందిన 37 మంది మెదడు ముక్కల్లో మాగ్నెటైట్ అనే ఇనుప రేణువులు దొరికాయి. చాలావరకు గుండ్రటివి, వేడికి కరిగి చల్లారిన వాలకం. వాహనాల పొగలో ఉండేవీ అలాంటివే. మెదడులోని కాపలా కణాలు ఇలాంటి చెత్తను మింగుతాయి గానీ అరిగించుకోలేవు. కడుపుబ్బరంతో వాపు పుట్టించే రసాయనాలు కక్కుతాయి. మతిమరుపు జబ్బుకు ఇవే కారణమని ఎవరూ తేల్చలేదు, కానీ తెలివి పెరిగిందని మాత్రం ఎవరూ అనలేదు. లోహంతోనే తెలివొస్తే, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల లోపల కన్నా బయట ట్రాఫిక్‌లోనే ర్యాంకులు పండాలి.

ఇక మింగే బంగారం. ఆ చుక్కలో కలిపే స్వర్ణభస్మంలో రేణువులు 56, 57 నానోమీటర్లని కొలిచినవాళ్లున్నారు. ఎలుకలకు బంగారు రేణువులు తాగిస్తే 4 నానోమీటర్లవి పేగు దాటాయి, 58వి దాదాపు దాటలేదు. అంటే రెండొందల యాభై రూపాయల మేధస్సులో అధికభాగం మర్నాడు పొద్దున డైపర్‌లో తేలుతుంది. అంత చిన్నవి చేసి దాటించామంటారా, అప్పుడు ఆ "ఎలాంటి సైడ్ ఎఫెక్ట్స్" వాక్యం చెరిపేసుకోవాలి. అటో ఇటో ఏదో ఒకటే కుదురుతుంది.

పాత ఆయుర్వేద గ్రంథం కాశ్యప సంహితలో ఉన్నది రాతి మీద నీళ్లతో అరగదీసిన బంగారం, తేనె, నెయ్యి. పాపం కాశ్యపుడు నానో అనలేదు. ఆ చుక్కలో నరాల జోలికి నిజంగా పోగలిగింది మాత్రం తేనె. ఏడాది నిండని పసివాడి పేగుల్లో, తేనెలో దాగిన బాట్యులిజం బీజాలు మొలిచి కండరాలను చచ్చుబడేలా చేయగలవు.

పుష్యమి నాడు హాల్లోకి తొంగిచూశాను.

"రండి బాబాయిగారూ! మీ మనవడేడీ?"

"ఏడు నెలలవాడు నాయనా, నిద్రపోతున్నాడు. భస్మం చేసేటప్పుడు పాదరసంతో నూరుతారంటారు కదా, ల్యాబ్ రిపోర్టేమైనా ఉందా? 2004లో బోస్టన్ దుకాణాల్లో 70 ఆయుర్వేద మందులు పరీక్షిస్తే పద్నాలుగింటిలో సీసమో పాదరసమో ఆర్సెనిక్కో దొరికింది."

"భలేవారే, మనది స్వచ్ఛమైన సరుకు. చిన్నప్పట్నుంచీ నేనూ వేసుకున్నవాణ్నే."

ఇంతలో ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని ఒకావిడ వచ్చి, మొత్తం ఎంతని అడిగింది. అతను ఫోను తీశాడు. రిపోర్టు చూపిస్తాడేమోనని నేనూ వంగి చూశాను. క్యాలిక్యులేటర్ తెరిచాడు.