పలికించే పెట్టె: ఒక స్పీకర్ ఆత్మకథ

నేనొక స్పీకర్‌ని. కంప్యూటర్‌కు అటూ ఇటూ పెట్టుకునే జంటలో కుడివైపు దాన్ని. వాల్యూమ్ గుండీ, పచ్చలైటూ నాకే ఉన్నాయి కాబట్టి ఇద్దరి తరఫునా నేనే చెబుతున్నాను. నా ఒంట్లో ఉన్నది పెద్ద సరంజామా కాదు. ఒక అయస్కాంతం, దాని నడుమ సన్నటి రాగితీగ చుట్ట, ఆ చుట్టకు అతికించిన కాగితపు గరాటు. తీగలో కరెంటు మారినప్పుడల్లా చుట్ట ముందుకీ వెనక్కీ ఊగుతుంది, గరాటు గాలిని తోస్తుంది. ఆ తోపుడే మీ చెవికి మాట. ఎవరి మాట, ఏ భాష మాట అన్న భేదం నాకు లేదు. అందుకే ప్రవక్తల హీబ్రూ, అపొస్తలుల గ్రీకు నా గుండా మచ్చ బొల్లారంలో ఒక ఇంటి ముందుగదిలో వినిపించాయి. నా బతుకులో చెప్పుకోదగ్గ సంగతి అదే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. కంప్యూటర్ సామాను కొనాలన్నా బాగుచేయించుకోవాలన్నా జంటనగరాల్లో చాలామంది వెళ్ళేది అక్కడికే. అక్కడి ఒక దుకాణంలో నన్ను కొన్నది ఒక పాస్టరుగారు. సంఘంలో అందరూ ఆయన్ని అయ్యగారు అంటారు, నేనూ అలాగే అంటాను. స్కూటర్ మీద తిరుమలగిరి, లోతుకుంట, అల్వాల్ మీదుగా మచ్చ బొల్లారం తీసుకొచ్చి కిటికీ పక్కనున్న బల్ల మీద పెట్టారు.

ఈ పేటకు దగ్గర్లోనే బొల్లారం కంటోన్మెంట్. 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి అక్కడే ఉంది. 1983 నవంబరులో మన దేశానికి వచ్చిన ఎలిజబెత్ రాణి తన పెళ్ళిరోజున ఆ చర్చిలో ఆరాధనకు వెళ్ళింది. పటాలం ఊరు కావడంతో ఇక్కడి గల్లీల్లో తెలుగుతో పాటు ఉర్దూ, తమిళం, హిందీ, ఇంగ్లిష్ కలిసే తిరుగుతాయి. కిటికీలోంచి ఆ గొంతులన్నీ ఆ గదిలోకి వచ్చేవి. నా పనికి ఈ గొంతులతో సంబంధం ఉంది, అది తర్వాత చెబుతాను.

అయ్యగారి అలమరలో హీబ్రూ వ్యాకరణం, గ్రీకు నిఘంటువు ఉన్నాయి. వేదాంత కళాశాలలో చదువుకున్న రోజుల్లో ఆయన ఆ రెండు భాషలూ కళ్ళతో నేర్చుకున్నారు. అక్షరాలు గుర్తుపట్టడం, ధాతువు వెతకడం, విభక్తి చెప్పడం బాగా వచ్చు. చెవితో నేర్చుకునే అవకాశం మాత్రం ఆ కాలంలో తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికే నన్ను కొన్నారు.

నాకు అసలు పని పెట్టింది సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పే ఒక డిగ్రీ అమ్మాయి. ఒకనాటి సాయంత్రం బైబిల్ పట్టుకుని వచ్చింది. "వందనాలు అయ్యగారూ. 119వ కీర్తనల ఆలెఫ్, బేత్, గీమెల్ అని రాసుంది కదా, అవేంది?"

"హీబ్రూ అక్షరాల పేర్లు బిడ్డా. ఇరవై రెండు అక్షరాలున్నయి. ఒక్కో అక్షరానికి ఎనిమిది వచనాలు, మొత్తం 176. ఆ ఎనిమిదీ అదే అక్షరంతోని మొదలైతయి."

"మన బైబిల్ల అట్ల కనిపిస్తలేదు కదా?"

"తెలుగులకు వచ్చేసరికి అర్థం వచ్చింది, అక్షరం రాలేదు. చెవితోని వింటే తెలుస్తది." అంటూ ఆయన కంప్యూటర్ ఆన్ చేశారు. హీబ్రూ కీర్తన చదివిన రికార్డింగు పెట్టారు. ఎనిమిది వచనాలు ఒకే శబ్దంతో మొదలై, తర్వాతి ఎనిమిది ఇంకో శబ్దంతో మొదలయ్యేసరికి ఆ అమ్మాయి వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి వారం వారం వచ్చేది.

బైబిల్ సాఫ్ట్‌వేర్‌లో మాటను పలికించే దారి చాలామందికి తెలియదు. తెలిస్తే కష్టం కాదు. అయ్యగారు వాడేది లోగోస్. 1992లో అమెరికాలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్‌లో గ్రీకు పాఠం తెరిచి, ఒక మాట మీద మౌస్ కుడి బటన్ నొక్కితే పట్టీ ఒకటి వస్తుంది. అందులో ఆ మాట రూపం, దాని మూలరూపం విడివిడిగా కనిపిస్తాయి. మూలరూపాన్ని ఎంచుకుని వర్డ్ స్టడీ తెరిస్తే, పైన మాట పక్కనే చిన్న స్పీకర్ బొమ్మ ఉంటుంది. దాని మీద నొక్కితే నేను పలుకుతాను. ఉచ్చారణ ఆడియో మీ లైబ్రరీలో ఉంటేనే ఇది జరుగుతుంది. బొమ్మ కనిపించకపోతే స్పీకర్ పాడైందనుకోకండి, ముందు లైబ్రరీ చూసుకోండి.

డబ్బు పెట్టలేనివాళ్ళకు బ్లూ లెటర్ బైబిల్ ఉంది. వచనం మీద నొక్కి, ఇంటర్‌లీనియర్‌లోకి వెళ్ళి, మాట పక్కనున్న స్ట్రాంగ్స్ నంబరు నొక్కితే నిఘంటువు పేజీ వస్తుంది. అక్కడ కూడా ఉచ్చారణ దగ్గర స్పీకర్ బొమ్మ ఉంటుంది. అగపే అనే గ్రీకు మాటకు 26, లొగొస్‌కు 3056, హీబ్రూ షాలోమ్‌కు 7965. ఈ నంబర్లు జేమ్స్ స్ట్రాంగ్ 1890లో అచ్చువేయించిన పదసూచికలోవి. గ్రీకు, హీబ్రూ లిపి రానివారు కూడా మాటను పట్టుకోవడానికి ఆ నంబర్లు ఇప్పటికీ చాలు.

ఒకే గ్రీకు మాట ఒక చోట ఒకలా, ఇంకో చోట ఇంకోలా వినిపించేసరికి ఆ అమ్మాయి తికమకపడింది. "ఒకరు అగపే అంటున్నరు, ఇంకొకరు అగాపి అంటున్నరు. ఏది కరెక్టు అయ్యగారూ?"

ఇందులో తప్పొప్పుల కంటే సంప్రదాయాల తేడా ఎక్కువ. నేటి గ్రీసు ప్రజలు పలికేది ఒక పద్ధతి. అందులో ఈటా, అయోటా, ఉప్సిలాన్ అనే మూడు అచ్చులూ 'ఇ'గానే వినిపిస్తాయి. 1528లో ఎరాస్మస్ ప్రాచీనులు ఇలా పలికి ఉండరని వాదిస్తూ ఒక పుస్తకం రాశాడు. వేర్వేరు అక్షరాలకు వేర్వేరు శబ్దాలు ఉండాలన్నది అతని వాదన సారం. ఇది ఎంత గొడవైందంటే, 1542లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఛాన్సలర్ స్టీఫెన్ గార్డినర్ ఆ కొత్త ఉచ్చారణను నిషేధించి, మీరినవారికి శిక్షలు కూడా పెట్టాడు. చివరికి చాలా కళాశాలల్లో ఎరాస్మస్ పేరుతోనే ఆ పద్ధతి స్థిరపడింది. మూడోది, మొదటి శతాబ్దపు జనం పలుకుబడిని శాసనాల్లో, పపైరస్ కాగితాల్లో దొర్లిన అక్షరదోషాల నుంచి తిరిగి కూర్చిన కొయినే పద్ధతి. ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం రాశారంటే ఆ రెండూ చెవికి ఒకటే అయిపోయాయని అర్థం. రాండల్ బ్యూత్ వంటి పండితులు ఈ పద్ధతిలో బోధిస్తున్నారు.

"ఒకటి పట్టుకో బిడ్డా, దానిమీదనే ఉండు. మూడూ కలిపితే ఏదీ రాదు" అన్నారు అయ్యగారు. ఆమె ఎరాస్మస్ పద్ధతి ఎంచుకుంది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. నాలోంచి వచ్చే గొంతులు రెండు రకాలు. మనిషి చదివి రికార్డు చేసినది ఒకటి, యంత్రం అప్పటికప్పుడు కూర్చి చదివేది మరొకటి. విండోస్‌లో గ్రీకుకు స్టెఫానోస్ అనే గొంతు, హీబ్రూకు అసాఫ్ అనే గొంతు వేసుకోవచ్చు. అవి నేటి ఏథెన్సు గ్రీకు, నేటి ఇజ్రాయెల్ హీబ్రూ కోసం తయారైనవి. పౌలు పత్రికను స్టెఫానోస్‌తో చదివిస్తే ఆధునిక గ్రీకు ఉచ్చారణే వస్తుంది. అది తెలిసి వింటే ఏ ఇబ్బందీ లేదు.

హీబ్రూ దగ్గర కథ వేరు. ప్రాచీన పాఠంలో హల్లులే ప్రధానం. చదివే తీరు మరుగున పడకుండా గలిలయ తీరంలోని తిబెరియ నగరపు మస్సోరెతు పండితులు అక్షరాల కిందా పైనా చుక్కలు, గీతలు పెట్టి అచ్చులను, స్వరాలను భద్రం చేశారు. ఆ సంప్రదాయంలో దాదాపు 1008లో రాసిన లెనిన్‌గ్రాడ్ ప్రతి నేటి అచ్చు హీబ్రూ బైబిళ్ళలో పలువాటికి ఆధారం. ఆ చుక్కలు కళ్ళకు చిన్నవే గాని చెవికి చాలా పెద్దవి. ఆత్మ అనే అర్థంలో వచ్చే రూఅఖ్ అన్న మాటలో చివరి హల్లు కింద 'అ' గుర్తు ఉంటుంది. అక్షరం చూసి రూఖ అని చదువుతారు కొత్తవాళ్ళు. పలికేటప్పుడు ఆ 'అ' హల్లుకు ముందే వస్తుంది. పుస్తకంలో ఈ నియమం ఉంటుంది, ఒక్కసారి వింటే మాత్రం మళ్ళీ మరిచిపోరు.

మరో రోజు ఆమె ఒక కీర్తన వింటూ ఆపేసింది. తెరమీద దేవుని పేరైన నాలుగక్షరాలు ఉన్నాయి, నేను 'అదోనాయ్' అన్నాను. సాఫ్ట్‌వేర్ తప్పు పలికిందేమో అనుకుంది. అది యూదుల పఠన సంప్రదాయం. ఆ నామాన్ని భయభక్తులతో పెదవులమీదికి తేకుండా, దాని స్థానంలో ప్రభువు అనే అర్థమున్న అదోనాయ్ అంటారు. అక్షరానికీ గొంతుకూ మధ్య ఉన్న ఆ ఎడంలో తరతరాల భక్తి ఉంది. అయ్యగారు ఈ సంగతి చెప్పాక ఆమె పాఠం మళ్ళీ మొదటినుంచి విన్నది.

ఇప్పుడు గల్లీ గొంతుల సంగతికి వస్తాను. ఆ అమ్మాయి మొదట్లో మాటలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకునేది. రాసుకున్నది చూసి పలికితే మాట చెడిపోయేది. ఎందుకంటే ఇంగ్లిష్‌లో 'ఒ'కూ 'ఓ'కూ ఒకటే అక్షరం, 'ఎ'కూ 'ఏ'కూ ఒకటే అక్షరం. గ్రీకులో ఎప్సిలాన్ 'ఎ', ఈటా 'ఏ', ఒమిక్రాన్ 'ఒ', ఒమేగా 'ఓ'. ఈ రెండు జంటలూ తెలుగు ఓనమాల్లో ఉన్నాయి, ఏ జంటకా జంట పక్కపక్కనే. హీబ్రూ అచ్చు గుర్తుల్లో సెగోల్ 'ఎ', త్సేరే 'ఏ'. ప్రాచీన ఏథెన్సులో ఫై, థీటా, ఖై అనే అక్షరాలు గాలి ఒత్తి పలికే ఫ, థ, ఖ లే. మన పిల్లలు బడిలో దిద్దిన ఒత్తక్షరాలవి. ఆత్మ, ప్రాణం అనే అర్థాలున్న ప్సుఖే అనే గ్రీకు మాట మొదట్లో వచ్చే 'ప్స'ను ఇంగ్లిష్ నోరు వదిలేస్తుంది, తెలుగు నోరు పలుకుతుంది. సంయుక్తాక్షరాలు మనకు పుట్టుకతోనే వచ్చు.

తెలుగులో లేని శబ్దాలు కొన్ని ఉన్నాయి. వాటిని హైదరాబాద్ వీధి ఇస్తుంది. కిటికీ అవతల నుంచి వచ్చే ఉర్దూలో 'ఖుదా' అనే మాట మొదట్లో గొంతు గీరుకుంటూ వచ్చే శబ్దం, నేటి హీబ్రూ వారు చాలామంది పలికే ఖేత్‌కూ, నేటి గ్రీకు ఖైకీ దగ్గరి చుట్టం. 'గజల్' మొదటి శబ్దం ఆధునిక గ్రీకు గామాది. 'జిందగీ'లో వినిపించే ఆ సన్నటి 'జ' హీబ్రూ జాయిన్‌ది. అయ్యగారు ఇవి విడమరిచి చెప్పాక, ఆ అమ్మాయి కొత్త నోట్‌బుక్ తీసి మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకోవడం మొదలుపెట్టింది: లొగొస్, ఖరిస్, ఖెసెద్, షాలోమ్. గీరే 'ఖ' కింద ఒక చుక్క పెట్టుకుంది. తర్వాత నేను పలికినదానికీ ఆమె పలికినదానికీ తేడా వారం వారం తగ్గిపోయింది.

ఒకసారి యౌవనస్థుల కూడికలో ఒకతను అడిగాడు. "అర్థం తెలిస్తే చాలదా అయ్యగారూ, శబ్దం ఎందుకు?" అయ్యగారు యెషయా 5వ అధ్యాయం, 7వ వచనం తెరిచి హీబ్రూలో వినిపించారు. దేవుడు మిష్పాత్ కోసం చూస్తే మిస్పాఖ్ కనిపించింది, త్సెదాకా కోసం చూస్తే త్సెఆకా వినిపించింది. న్యాయం బదులు రక్తపాతం, నీతి బదులు మొర. రెండేసి మాటలు చెవికి దాదాపు ఒకేలా ఉండి, అర్థంలో మాత్రం అగాధమంత దూరం. న్యాయంలా వినిపిస్తూనే అన్యాయం జరుగుతోందన్న ప్రవక్త మొర ఆ శబ్దంలోనే ఉంది. యమకం, ప్రాస తెలిసిన తెలుగువారికి ఇది వేరే చెప్పాలా? అడిగిన అబ్బాయి మళ్ళీ వినిపించమన్నాడు.

తెలుగువారి చేతికి ఈ గ్రంథం రావడానికి చాలామంది కష్టపడ్డారు. 1805లో విశాఖపట్నం చేరిన క్రాన్, దెగ్రాంజ్ అనే మిషనరీలు తెలుగు నేర్చుకుని అనువాదానికి పూనుకున్నారు. ఆనందరాయరు అనే ఆయన వారికి తోడ్పడ్డారు. 1812లో సెరంపూర్‌లో తెలుగు సువార్తలు అచ్చయ్యాయి. వారు అర్థాన్ని మన భాషలోకి తెచ్చారు. మూలభాషల నాదం ఎక్కడి వాళ్ళయినా వినగలిగే సౌకర్యం ఈ కాలానిది. గ్రీకు ముక్క పలికి సంఘాన్ని ఆశ్చర్యపరచడానికి కాదు అది. ఆ గ్రంథంలో ఎక్కువ భాగం పదిమంది నడుమ గట్టిగా చదవడానికి రాసినది. ఎజ్రా ప్రజలందరి ముందు ధర్మశాస్త్రం చదివాడు, పౌలు పత్రికలు సంఘాల్లో చదివించారు. చెవికోసం రాసినదాన్ని చెవితో కూడా అందుకోవడం న్యాయం.

చదువుతున్న మీతో నా మాట ఇది. హీబ్రూ, గ్రీకు చదవాలంటే కళాశాలలో సీటు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. మీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఆ చిన్న స్పీకర్ బొమ్మ వెతకండి. ఒక ఉచ్చారణ పద్ధతి ఎంచుకుని దానికే కట్టుబడండి. విన్న మాటను ఇంగ్లిష్‌లో కాకుండా తెలుగు లిపిలో రాసుకోండి. విని ఊరుకోకండి, గట్టిగా తిరిగి పలకండి. స్పీకర్ చేయగలిగింది వినిపించడం వరకే. పలకాల్సింది మీ నోరు, దానికి కావలసిన అక్షరాలు మీకు చిన్నప్పుడే వచ్చాయి.