తెల్లనివన్నీ ఒకే తెలుపు కాదు

“తెల్ల కారే కదా సార్, అరగంటలో రంగు కలిపేస్తాం” అనే మాట విజయవాడ ఆటోనగర్‌లో వినబడిందా? జేబు తడుముకోండి. తెలుపంత మొండి రంగు మరొకటి లేదు. నలుపు చుక్క ఎక్కువైతే బూడిద, పసుపు చుక్క ఎక్కువైతే దంతపు రంగు. పెర్ల్ వైట్ సంగతి చెప్పనే అక్కర్లేదు: అడుగున తెలుపు, మీద ముత్యపు మెరుపు, ఆపైన క్లియర్ కోటు. ఇవన్నీ ఒక్క సీసాలో కావాలట!

చాలా కార్లలో డ్రైవర్ తలుపు పక్కనో, బానెట్ కిందో రంగు కోడ్ స్టిక్కర్ ఉంటుంది. దాన్ని చూడటం మేస్త్రీగారికి నామోషీ. ట్యూబులైటు కింద ఆయన కంటిచూపే కొలమానం. పోనీ, కోడ్ చూసే కలిపారనుకుందాం. అది కారు పుట్టిననాటి రంగు. ఏళ్ల తరబడి బెజవాడ ఎండ తిన్న బానెట్‌కు ఆ జాతకం సరిపడదు. పైగా తడిమీద ఒక రంగు, ఆరాక ఇంకో రంగు. ఎన్నికల హామీలతో ఏదో చుట్టరికం ఉన్నట్టుంది.

కాబట్టి ముందు అట్టముక్క మీద కొట్టించండి. ఆరనిచ్చి, పగటి వెలుతురులో కారు పక్కన పెట్టి చూడండి. డబ్బులు ఆ తర్వాతే ఇవ్వండి.