వడ్డించేవాడు పగవాడైతే...

తార్నాకలో టీ తాగుతున్న ఉస్మానియా కుర్రాడి టీషర్టు మీద చే గువేరా. అయిదు నిమిషాలు కరెంటు పోయి ఫోను చార్జింగు ఆగిందని విప్లవం లేవదీశాడు. 2024 అక్టోబరులో క్యూబా దేశమంతా ఒకేసారి చీకటైపోయింది బాబూ! 1962 నుంచీ అమెరికా దిగ్బంధం. ఎత్తేయమని 2024లో ఐక్యరాజ్యసమితిలో 187 దేశాలు చేతులెత్తాయి. వద్దన్నవి అమెరికాతో కలిపి రెండే. ఆ తర్వాత అందరూ చేతులెత్తేశారు. సాంబారు నీళ్లేనని హాస్టలంతా తీర్మానించినా గరిటె ఒకడి చేతిలోనే కదా! హవానా పెద్దలేమో సొంత తప్పులను కూడా ఆంక్షల పద్దులోనే రాస్తారు. జనానికి మిగిలింది రేషన్ క్యూ.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతయినా ఫర్వాలేదంటారు. పగవాడైతే? ఫ్లోరిడాకు 90 మైళ్ల దూరంలో, మొదటి బంతిలోనే కూర్చున్నా ఖాళీ విస్తరే!