క్యూకార సందేశము: టీకా తాత్పర్య సహితము

మూలము

బాబాయ్, పొడుగు ఇంగ్లీష్ వర్డ్ ఒకటి చెప్పు. క్యూ ఉండాలి, యూ ఉండకూడదు. అర్జెంట్.

అవతారిక

అన్నగారి కూతురు హాస్టలుగదిలో స్నేహితురాండ్రతో స్క్రాబుల్ ఆడుచు, తన వంతు వచ్చినంతనే ఫోను దుప్పటిచాటున దాచి, ఈ వాక్యమును వాట్సాప్‌నందు పంపుచున్నది. ఆటలో పరసహాయము దోషము కాదా? అగును. అయినను అది ధర్మశాస్త్రకారుల పని. టీకాకర్త అడిగిన మాటకు అర్థము చెప్పును, అడిగినవారి నడవడికి కాదు.

టీక

బాబాయ్ = ఓ పినతండ్రీ. తండ్రి యుండగా పినతండ్రి నేల పిలిచినది? తండ్రి "ముందు ఆ ఫోను పక్కన పెట్టు" అనును గనుక.

పొడుగు = దీర్ఘమైన. ఎంత దీర్ఘము? మూలము చెప్పలేదు. స్క్రాబుల్ బోర్డు అడ్డముగను నిలువుగను 15 గళ్లే కావున 15 అక్షరములు పైహద్దు. పొడవే ముఖ్యమైనచో 1935లో అమెరికా పజిల్ సంఘపు అధ్యక్షుడు కల్పించిన ఊపిరితిత్తుల జబ్బు పేరు కలదు, 45 అక్షరములది. అందు క్యూ లేదు. ఉన్నను, పొడవు కొరకే పుట్టించిన మాటను గొప్ప మాట యనుట ఈ టీకాకర్తకు సమ్మతము కాదు.

వర్డ్ = పదము. సంజ్ఞావాచకము గ్రాహ్యము కాదు. ఇరాక్, కతార్ అను దేశములు ఈ కారణముచే పోయినవి. క్వాంటాస్ అను ఆస్ట్రేలియా విమానసంస్థయు పోయినది. ఆ పేరులోని క్యూ క్వీన్స్‌లాండ్ రాష్ట్రపు క్యూయే. అక్కడ యూతో కాపురము చేసి, దానిని నేలమీదనే విడిచి తాను విమానమెక్కినది.

ఒకటి = ఏకవచనము. పిల్ల ఆశపోతు కాదని భావము.

క్యూ ఉండాలి = క్యూ అను అక్షరము తప్పక ఉండవలెను. ఇది మన అవధానములలోని న్యస్తాక్షరి వంటిది. అక్కడ పృచ్ఛకుడు అక్షరమిచ్చి, ఏ పాదమున ఏ స్థానమున నిలుపవలెనో కూడ చెప్పును. ఇక్కడ స్థానము మన యిష్టము. పలకల సంచిలో క్యూ ఒక్కటే, విలువ 10.

యూ ఉండకూడదు = ఇచట వ్యాఖ్యాతలకు భేదము కలదు. క్యూ పక్కన యూ ఉండరాదని ఒక పక్షము. పదమున ఎచ్చటను ఉండరాదని రెండవ పక్షము. మొదటి పక్షమువారు 'చింగ్‌హావ్‌సూ' అను 9 అక్షరముల మాట చూపుదురు. మలేరియా మందు ఆర్టిమిసినిన్‌కు చైనా పేరది. ఆ మందును కనుగొన్న తూ యూయూ గారికి 2015లో నోబెల్ వచ్చినది. అందు యూ కలదు, అయితే చిట్టచివర కలదు. పాపము, కనుగొన్నావిడ పేరులోను యూలే!

ఈ రెండు పక్షములును పైపైవి. పిల్ల చేతిలో క్యూ ఉన్నది, యూ లేదు. "నా దగ్గర యూ లేదు" అనుటకు సిగ్గుపడి "ఉండకూడదు" అని నియమము పెట్టినది. లేమిని వ్రతముగా చెప్పుట లోకమున నున్నదే. కావున ధ్వనిచే రెండవ పక్షమే సిద్ధాంతము. చైనా మందు త్యాజ్యము.

అర్జెంట్ = త్వరగా. దీనికి వ్యాఖ్యానము రాయుచు కూర్చుండుట ఉచితము కాదు.

ఆక్షేపము, సమాధానము

ఇంత పెద్ద ఇంగ్లీషులో అట్టి మాట దొరకుట కష్టమేల? "పొడుగు" అనునదియు "యూ ఉండకూడదు" అనునదియు ఒకదానినొకటి కొట్టుకొనుచున్నవి గనుక. ఇంగ్లీషున పొడుగు మాటలు ఎక్కువగా లాటిన్, గ్రీకు సొమ్ము. లాటిన్‌లో క్యూ యూను విడిచి గడప దాటదు. గ్రీకువారు క్యూకు సాటియైన తమ అక్షరమును ప్రాచీనకాలముననే వాడుక మాన్పించిరి. ఇక ఇంగ్లీషు సొంత మాటలా? రాణిని వారు మొదట సీ, డబ్ల్యూలతో రాసెడివారు. 1066లో నార్మన్లు గెలిచిన పిమ్మట వచ్చిన ఫ్రెంచి మర్యాద ఎరిగిన లేఖకులు ఆ జంటను తీసివేసి క్యూ, యూలను పీటలమీద కూర్చుండబెట్టిరి.

కావున యూ లేని క్యూ పరాయి దేశపు అతిథి. నిఖాబ్, ఫకీరు, తలాక్: ఇవన్నియు ఇంగ్లీషులో అయిదేసి అక్షరములు. అరబ్బీలో గొంతు లోతునుండి పలుకు 'ఖాఫ్'ను ఇంగ్లీషువారు క్యూతో రాసిరి. హైదరాబాదీ నాలుక ఆ లోతుకు దిగక 'ఖ' అని సరిపెట్టినది, అది వేరు సంగతి. అల్బేనియా ఒకప్పటి చిల్లర నాణెము 'కిందార్కా' 8 అక్షరములు, అట్టివి నూరైన ఒక లెక్. దక్షిణాఫ్రికా సంగీతము 'ఎంబకాంగ' కూడ 8. టైపు మిషను పైవరుసలోని మొదటి ఆరు మీటలు కలసి 'క్వర్టీ' అను మాటయైనవి. అర్థము లేకున్నను ఇరుగుపొరుగుతనముచే పదవి సంపాదించిన మాట అది.

వీనియన్నిటికంటె పొడుగు 'కబలిస్టిక్', 10 అక్షరములు. తల యూదుల గూఢవిద్యది, తోక గ్రీకుది. అతిథికి ఇంగ్లీషువారు తోక అతికించిననే గాని పొడుగు రాలేదని గ్రహించునది.

తాత్పర్యము

ఓ పినతండ్రీ, నా చేత క్యూ చిక్కినది, యూ చిక్కలేదు, వీండ్ర ముందు నా పరువు దక్కించుము అని భావము.

విశేషములు

మెదకుసీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి ఆధారము లేనిది రాయనని ఒట్టు పెట్టుకొనెను. మనకును ఆధారము కావలెను. అమెరికా ఆటగాండ్ర పదపట్టిక వేరు, ఇంగ్లండువారు వాడు కాలిన్స్ పట్టిక వేరు. కబలిస్టిక్ కాలిన్స్‌లో కలదు. అయినను దానిని పంపుట అవివేకము. చేతిలో నుండునవి ఏడు పలకలే. మిగిలిన మూడక్షరములు సరియైన చోట్ల ముందే బోర్డుపై పడియుండవలెను. పండితునికి పెద్ద మాట ముద్దు, ఆటగానికి పట్టు మాట ముద్దు.

'ఖవ్వాలీ' పంపుటయే మేలు. నాంపల్లి దర్గాలో వినబడు పాటయే. ఇంగ్లీషు రాతలో సరిగా 7 అక్షరములు, యూ ఎచ్చటను లేదు. అక్షరముల విలువ 22, ఏడు పలకలును ఒక్కసారిగా దించినందుకు మరి 50. చిక్కొక్కటే. ఆ మాటకు డబ్ల్యూలు రెండు కావలెను, సంచి మొత్తమున ఉన్నవి ఆ రెండే.