పింగాణీ గిన్నె కథ

ఒక ఉష్ణోగ్రత దగ్గర 100 గ్రాముల నీటిలో ఒక పదార్థం గరిష్ఠంగా ఎన్ని గ్రాములు కరుగుతుందో ఆ సంఖ్యే దాని ద్రావణీయత. నీటిని ఆవిరిచేసి, మిగిలినదాన్ని తూచి దాన్ని కనుక్కోవచ్చు. విజయనగరంలోని ఒక కళాశాల రసాయనశాలలో ఆ పని ఈ పింగాణీ గిన్నెది. తెల్లమట్టిని బట్టీలో కాల్చి, పైన గాజు పూత పూయగా ఇది పుట్టింది. వేడికి ఓర్చుకుంటుంది, లవణాలతో కలవదు, తన బరువు మార్చుకోదు. కొలతకు కావలసింది ముఖ్యంగా ఆ చివరి గుణమే.

గిన్నె వంతు రాకముందే ఫలితం సగం తేలిపోతుంది. బీకరులోని నీటిలో లవణాన్ని కొద్దికొద్దిగా వేస్తూ కలుపుతారు. ఎంత కలిపినా అడుగున కొంత మిగిలిపోవాలి. ద్రావణం సంతృప్తమైందనడానికి ఆ మిగులే సాక్ష్యం. ఈలోగా ఉష్ణోగ్రత మారకూడదు. విజయనగరంలో మే మధ్యాహ్నపు గది వేరు, డిసెంబరు ఉదయపు గది వేరు. ‘గది ఉష్ణోగ్రత వద్ద’ అని మాత్రమే రాసిన ఫలితం ఎవరికీ పనికిరాదు. సురేకారం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 32 గ్రాములు కరిగితే, 60 డిగ్రీల దగ్గర 110 గ్రాముల దాకా కరుగుతుంది. ఉప్పు మాత్రం 20 డిగ్రీల దగ్గర 36 గ్రాములు, మరిగే నీటిలోనూ 39 గ్రాములే. సున్నానిది ఎదురు దారి: నీరు వేడెక్కేకొద్దీ తక్కువగా కరుగుతుంది.

ఖాళీ గిన్నెను వేడిచేసి, తేమ చేరనివ్వని మూత పాత్ర అయిన డెసికేటర్‌లో చల్లార్చి తూస్తారు. పైన తేరిన ద్రావణాన్ని పిపెట్‌తో తీసి అందులో పోసి మళ్లీ తూస్తారు. వేడి ద్రావణమైతే పిపెట్‌ను కూడా ముందే వేడిచేయాలి, లేకపోతే స్ఫటికాలు గొట్టంలోనే పేరుకుంటాయి. తరువాత గిన్నెను ఆవిరి మీద పెడతారు. నేరుగా మంట మీద పెడితే ఉప్పు చిటపటలాడి బయటికి ఎగిరిపోతుంది. ఎండిన గిన్నెను చల్లార్చి తూచి, మళ్లీ ఎండబెట్టి తూచి, రెండు తూకాలు ఒకటయ్యేదాకా ఆగాలి. ఓపిక చాలక ఎక్కువ ప్రయోగాలు చెడేది ఇక్కడే.

ఉదాహరణకు ఖాళీ గిన్నె 42.30 గ్రాములు, ఉప్పు ద్రావణంతో 54.30, ఎండాక 45.47 అనుకుందాం. ఉప్పు 3.17 గ్రాములు, నీరు 8.83 గ్రాములు, ద్రావణీయత 35.9.

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పు మడుల్లో ఇదే పని ఎండ చేస్తుంది. సముద్రపు నీటిలో నూటికి దాదాపు మూడున్నర పాళ్లు లవణాలు. నీరు చిక్కబడేకొద్దీ తక్కువ కరిగే జిప్సం ముందు పేరుకుంటుంది. ద్రవపు సాంద్రతను కొలిచే బోమే మాపకం 25 డిగ్రీలు చూపేసరికి ఉప్పు స్ఫటికాలు మొదలవుతాయి. బాగా కరిగే మెగ్నీషియం లవణాలు చేదు నీటిలో మిగిలిపోతాయి; ఆ నీటిని సమయానికి తీసేయకపోతే ఉప్పు చేదెక్కి, తేమ పీలుస్తుంది. ఒక్కొక్క లవణాన్ని ఇలా విడదీయడం ఈ గిన్నె వల్ల కాదు. సముద్రపు నీరు పోసి పూర్తిగా ఇంకిస్తే అన్ని లవణాలూ కలిసే మిగులుతాయి. అందుకే ఇందులో పోసే ద్రావణంలో ఒకే శుద్ధ లవణం ఉండాలి.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వంటివాటితో మరో జాగ్రత్త ఉంది. వేడికి దాని స్ఫటికజలం కొంత పోతుంది కాబట్టి, లెక్క ఏ రూపానికి కట్టారో రాయాలి. సిల్వర్ క్లోరైడ్ లీటరు నీటిలో సుమారు 2 మిల్లీగ్రాములే కరుగుతుంది. అంత తక్కువను తూకంతో నమ్మకంగా పట్టలేరు. ద్రావణపు విద్యుద్వాహకతను కొలిచి లెక్కగడతారు.