స్పెషాలిటీ యోగం

బెంగళూరు కార్పొరేట్ ఆసుపత్రులలో కొత్తగా చేరిన నర్సు ఏ విభాగంలో నిపుణురాలు కావాలన్నది ఆమె చదువును బట్టో అభిరుచిని బట్టో తేలుతుందని నమ్మేవారు, రోస్టరు అనే జాతకచక్రాన్ని ఎన్నడూ చూసి ఉండరు. రోస్టరు అంటే ఎవరు ఏ షిఫ్టులో, ఏ వార్డులో పనిచేయాలో గళ్లు గీసి చూపే పట్టిక. అందులో ఏ గడి ఖాళీగా ఉంటే ఆ గడిలోనే కొత్త నర్సుకు స్పెషాలిటీ యోగం పడుతుంది. ఐసీయూ సీనియరు ఒకరు నిరుడు జర్మన్ నేర్చుకుని ఈ నెల విమానం ఎక్కితే, మర్నాడు చేరిన అమ్మాయికి ఐసీయూ అంటే పుట్టుకతోనే ప్రాణమని యాజమాన్యానికి దివ్యదృష్టితో తెలిసిపోతుంది.

ఉద్యోగ ప్రకటనలు అనుభవం అడుగుతాయి, అనుభవం ఉద్యోగంలో చేరితేగాని రాదు. పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదని, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదని చెప్పే సామెతకు ఇంతకన్న ఆధునిక వ్యాఖ్యానం దొరకదు. ఈ చిక్కుముడిని ఖాళీ గడి ఒక్క రాత్రిలో విప్పేస్తుంది.

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ సర్వసాధారణ పునాది మాత్రమేనని తలచిన భారత నర్సింగ్ కౌన్సిల్, క్రిటికల్ కేర్, క్యాన్సర్, నవజాత శిశు సంరక్షణ వంటి విభాగాలకు డిగ్రీ తరువాత ఏడాది డిప్లొమాలను విడిగా ఏర్పరచింది. మనోవ్యాధుల నర్సింగ్‌కు అటువంటి డిప్లొమా ఇదే నగరంలోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఉంది. అమెరికన్ నర్సింగ్ పండితురాలు ప్యాట్రీషియా బెనర్ 1984లో వెలువరించిన గ్రంథంలో, నర్సు నైపుణ్యం అయిదు మెట్లుగా ఎదుగుతుందని, మూడో మెట్టైన సమర్థతకు ఒకేరకమైన పనిలో రెండు మూడేళ్లు పడుతుందని వివరించింది. ఇంత నెమ్మది మెట్లు ఎక్కే ఓపిక లేని యాజమాన్యాలు వారం రోజుల ఓరియంటేషన్ అనే లిఫ్టును కనిపెట్టాయి. వేలిముద్రతో హాజరు వేయడం, మంటలంటుకుంటే ఏ దారిన వెళ్లాలో చూడడం, సంస్థ నినాదం వల్లించడం పూర్తయ్యాక ఎనిమిదో రోజున తలుపు ఐసీయూలో తెరుచుకుంటుంది.

అక్కడ కౌన్సిల్ ప్రమాణం ప్రకారం ఒక రోగికి ఒక నర్సు ఉండాలి. నైట్ డ్యూటీలో ఆ లెక్క రోగుల వైపు పెరగడం గణితదోషం కాదట, నమ్మకమట. వెంటిలేటర్ అలారం మోగినప్పుడు గొట్టం మెలిపడిందా, కఫం అడ్డుపడిందా, అతుకు ఊడిందా అన్నది క్షణాల్లో తేల్చుకోవాలి; రక్తపోటును నిలబెట్టే నోరడ్రినలిన్ సిరంజి మార్చేటప్పుడు ధార కాస్త ఆగినా రోగి బీపీ పడిపోతుంది. నినాదంలో ఈ సంగతులకు చోటు చాలలేదు.

కొత్త నర్సులు ముందు ఏడాది జనరల్ వార్డులో పనిచేసి తీరాలన్న పాత నమ్మకం వేదవాక్కేమీ కాదు. అమెరికాలో 2002 నుంచి సాగుతున్న ఏడాది రెసిడెన్సీ, అంటే ఉద్యోగం చేస్తూనే క్రమపద్ధతిలో శిక్షణ పొందే ఏర్పాటు, కొత్తవారు నేరుగా స్పెషాలిటీలో అడుగుపెట్టవచ్చునని చూపింది. కాబట్టి తప్పు ఐసీయూలో మొదలుపెట్టడంలో లేదు, నేర్పకుండా మొదలుపెట్టించి దానికి అవకాశమని పేరు పెట్టడంలో ఉంది. జీతం మాట వచ్చేసరికి కొత్త నర్సు ఫ్రెషర్ అని యాజమాన్యానికి గుర్తుకొస్తుంది. సుప్రీంకోర్టు 2016 తీర్పు దరిమిలా ఏర్పడిన నిపుణుల కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రులు ప్రభుత్వ నర్సులతో సమాన జీతం ఇవ్వాలని సిఫారసు చేసిన సంగతి మాత్రం గుర్తుకు రాదు. రోగి బిల్లులో ఐసీయూ ఛార్జీకి ఫ్రెషర్ రాయితీ ఉండదు.

ఉద్యోగం మధ్యలో వదలనని రాసిచ్చిన బాండ్ గడువు తీరి, ఆమె అనుభవపత్రంతో విమానం ఎక్కిన రోజున ఆ గడి మళ్లీ ఖాళీ అవుతుంది, ఇంకొక అమ్మాయికి యోగం పడుతుంది. ఈ గ్రహదోషానికి శాంతి హోమాలు అక్కరలేదు; కొత్త నర్సు పేరు పక్కన, ఆ షిఫ్టులో ఆమెకు పని నేర్పే సీనియరు పేరుకు రోస్టరులో ఇంకొక గడి గీస్తే చాలు. ఆ గడిలో రాయడానికి పేరు దొరకని ఆసుపత్రి, బోర్డు మీది సూపర్ స్పెషాలిటీ అన్న మాటను ఖాళీల జాబితాలోకి మార్చుకోవడం న్యాయం.